గేటు దగ్గర మాట్లాడొద్దు

కొత్తగూడ దగ్గర ట్రాఫిక్కూ, కూతురి నోరూ తన చేతిలో లేవని రాకేశ్ ఎప్పుడో ఒప్పేసుకున్నాడు. ట్రాఫిక్కయినా పదకొండు దాటాక కాస్త సద్దుమణుగుతుంది. సహస్రకు అలాంటి వేళంటూ ఏదీ లేదు.

ఆ పిల్లకు మూడేళ్లు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. పొద్దున కళ్లు తెరవకముందే మాట మొదలయ్యేది. “డాడీ, కుక్క నా బిస్కట్ తిన్నది” అని కలలో జరిగిన అన్యాయం గురించి కళ్లు మూసుకునే ఫిర్యాదు చేసేది. పాలు తాగుతూ మాట్లాడేది. పళ్లు తోమించుకుంటూ మాట్లాడేది. నోట్లోని నురగ తండ్రి చొక్కా మీద పడితే, ఎందుకు పడిందో, ఎవరి తప్పో దాని గురించి ఇంకో పది నిమిషాలు మాట్లాడేది. పిల్లలకు తొందరగా మాటలు రావాలని దేవుళ్లకు మొక్కుకునేవాళ్లుంటారు. వాళ్లు ఒక్క పూట హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక ఈ రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండి చూడాలి.

రాకేశ్‌కు అదంతా ముద్దుగానే ఉండేది. ఎందుకుండదు? రోజంతా వినే పని అతనిది కాదు కదా. అతను ఆరున్నరకే బండి తీసేవాడు. భార్య ప్రశాంతి మియాపూర్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర చేస్తుంది. ఆమె అంతకు ముందే బస్సెక్కేది. పిల్లను చూసుకునేది రాకేశ్ తల్లి సత్తెమ్మ. మనవరాలి ప్రతి ప్రశ్నకూ సత్తెమ్మ దగ్గర జవాబుండేది. తెలిస్తే తెలిసింది చెప్పేది, తెలియకపోతే కల్పించి చెప్పేది. సాయంత్రం ఇంటికొచ్చి అరగంట ముద్దుచేసి అన్నానికి కూర్చునే తండ్రికి ఆ కష్టం ఎలా తెలుస్తుంది!

ఆగస్టులో సత్తెమ్మ కంటికి శుక్లం ఆపరేషనైంది. మూడు వారాలు వంగొద్దు, బరువులెత్తొద్దు, రెండు గంటలకోసారి చుక్కలు వేయాలి అని దవాఖానలో గట్టిగా చెప్పారు. బోరబండలో ఉండే కూతురు వచ్చి తల్లిని తనింటికి తీసుకుపోయింది. ఆ ఇంట్లో ఒకటే గది, అప్పటికే ఇద్దరు పిల్లలు. ఈ పిల్లను కూడా చూడమని అడగడానికి రాకేశ్‌కు నోరు రాలేదు. పిల్లల్ని చూసుకునే సెంటరొకటి వీధి చివర ఉంది గానీ మూడేళ్లు నిండనిదే చేర్చుకోమన్నారు. ప్రశాంతి మూడు వారాలు సెలవడిగితే, “తీస్కో. గని మల్ల వచ్చేసరికి నీ కౌంటర్ల వేరే పిల్ల ఉంటది” అన్నాడట మేనేజరు.

ఇక మిగిలింది బండి.

రాకేశ్‌ది ఏడుగురు కూర్చునే తెల్ల బండి. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఉద్యోగులను పొద్దున ఇంటి నుంచి తెచ్చి సాయంత్రం దింపే పనిని ఒక కాంట్రాక్టరుకు ఇచ్చింది. ఆ కాంట్రాక్టరు కింద నడిచే అరవై బండ్లలో రాకేశ్‌ది ఒకటి. నాలుగేళ్లుగా ఒకటే రూటు: బాచుపల్లిలో మొదలు, నిజాంపేట, మియాపూర్ మీదుగా హైటెక్ సిటీ. ఆ రూటు మీదే ఇల్లు నడుస్తోంది. దానికి నియమాలు చాలా ఉన్నాయి గానీ కాంట్రాక్టరు ఆఫీసు గోడమీద ఎర్రక్షరాలతో రాసి పెట్టింది ఒకటే. ట్రిప్పులో ఉద్యోగులు తప్ప వేరే మనిషి ఉండకూడదు. డ్రైవరు దోస్తయినా, పెళ్లామైనా, పాలపళ్ల పిల్లయినా ఆ నియమానికి తేడా లేదు.

మొదటి రోజు సహస్రను ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు అందక ప్రశాంతి పాత చున్నీతో నడుముకు కట్టాడు. నాలుగు బిస్కట్ పాకెట్లు, నీళ్ల సీసా, ఒక జత బట్టలు సంచిలో పెట్టుకున్నాడు. “మేడమ్‌లు, సార్‌లు ఎక్కుతరు. గమ్మున కూసోవాలె” అన్నాడు. పిల్ల బుద్ధిగా తలూపింది.

ఇక్కడ డ్రైవర్ల అలవాటొకటి చెప్పాలి. నాలుగేళ్లు ఒకే మనుషుల్ని తిప్పుతారు గనక ఒక్కొక్కరికీ ఒక పేరు పెట్టుకుంటారు. అన్నం తినేటప్పుడు ఇంట్లో నవ్వుకోవడానికి తప్ప ఆ పేర్లు బయటికి రావు. బాచుపల్లిలో ఎక్కే వాసంతి ఏనాడూ చెప్పిన వేళకు కిందికి దిగలేదు. ఆ రోజూ పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, తలుపు తీసి, ముందు సీట్లో పిల్లను చూసి ఆశ్చర్యపోయింది.

“నువ్వేనా లేటు మేడం?” అంది సహస్ర.

రాకేశ్‌కు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

“ఎవరమ్మా అలా అన్నది?”

“మా డాడీ. అన్నం తినుకుంట అంటడు. లేటు మేడం ఇయ్యాల గూడ లేటు చేసింది, దాని…”

“సహస్రా!”

వాసంతి కోనసీమ మనిషి, పదిహేనేళ్లుగా ఈ ఊళ్లోనే ఉద్యోగం. కోప్పడుతుందనుకుంటే పగలబడి నవ్వింది. “ఉన్నమాటే అందిగా, కంగారు పడకండి రాకేశ్. మా అబ్బాయి కూడా చిన్నప్పుడు ఇంతేనండి, నోరు మూసేవాడు కాదు. ఇప్పుడు ఇంటరు. ఏమడిగినా ‘ఊఁ’ అంటాడు, అంతే” అంది. రాకేశ్ తన తల్లి కంటి సంగతి, మూడు వారాల సంగతి చెప్పుకున్నాడు. మియాపూర్‌లో నితీష్ ఎక్కాడు. అతని పేరు హెడ్‌ఫోన్ సార్ అని కూడా అతనికి అక్కడే తెలిసిపోయింది. ఇంకో ఇద్దరు ఎక్కారు. వాళ్ల పేర్లు ఇంకా ఘోరం కాబట్టి, పిల్ల నోట్లో బిస్కట్ మీద బిస్కట్ కుక్కుతూ హైటెక్ సిటీ దాకా బండి నడిపాడు రాకేశ్.

అసలు గండం కంపెనీ గేటు. అక్కడ ప్రతి బండినీ ఆపి, అద్దాలు దింపించి, లోపల ఎవరెవరున్నారో చూస్తారు. గేటుకు వంద గజాల ముందే రాకేశ్ చున్నీ ముడి విప్పి, పిల్లను సీటు కింద కాళ్లు పెట్టుకునే చోట కూర్చోబెట్టి, పైన తువ్వాలు కప్పాడు. “గేటు దగ్గర మాట్లాడొద్దు” అన్నాడు. గార్డు వీరేశం అరవైకి దగ్గరపడ్డ మనిషి. నీలం చొక్కా, టోపీ, చేతిలో కర్ర. అతను వంగి లోపలికి చూశాడో లేదో తువ్వాలు కదిలింది.

“తాతా, నేను ఈడ లేను. డాడీ చెప్పిండు” అంది తువ్వాలు.

వెనక సీట్లో నలుగురూ నవ్వాపుకోలేక చచ్చారు. వీరేశం నవ్వలేదు. పక్కకొచ్చి నెమ్మదిగా అన్నాడు: “నాకు మనవరాలుంది తమ్మీ, నాకు తెల్వదా? గని ఈడ కెమెరాలున్నయి. దొరికితే నీ బండి బోతది, నా నౌకరి గూడ బోతది. జర పోరికి సమజైతట్టు చెప్పు.”

రాకేశ్ చెప్పాడు. మర్నాడూ చెప్పాడు. ఆ మర్నాడు చాక్లెట్ ఇస్తానన్నాడు. ఫోన్లో బొమ్మలు పెట్టి ఇచ్చాడు. సహస్ర అన్నిటికీ సరే అనేది. గేటు రాగానే బొమ్మల ఫోను పైకెత్తి, “తాతా, సూడు, ఏనుగు!” అని పిలిచేది. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. తెల్లారి లేచింది మొదలు తనకు తెలిసిన ప్రతిదీ లోకానికి తెలియాలి, లోకానికి తెలిసిన ప్రతిదీ తనకు తెలియాలి. ఫ్లైఓవర్ ఎందుకు పైన ఉంది? ఆ సార్ ఒక్కడే ఎవరితో మాట్లాడుతున్నాడు? ఆ క్రేన్‌కు ఆకలయితే ఏం తింటుంది? పొద్దుటి ట్రిప్పు అయ్యాక బండ్లన్నీ నిలిపే ఖాళీ జాగాలో డ్రైవర్లు సీటు వెనక్కి వాల్చి రెండు గంటలు నిద్రపోతారు. రాకేశ్‌కు ఆ నిద్రా పోయింది. కన్ను మూతపడితే చిన్న వేళ్లు వచ్చి రెప్ప తెరిచేవి. “డాడీ, నువ్వు లోపల ఉన్నవా?” అని అడిగేది.

తల ప్రాణం తోకకు వచ్చిందని ప్రశాంతితో మొత్తుకున్నాడు. “మీ అమ్మ మూడేండ్ల సంది పడ్డది. నువ్వు మూడు వారాలు పడలేవా?” అందామె.

ఎనిమిదో రోజు కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు ప్రవీణ్ ఫోన్ చేశాడు. ఎవరో కంపెనీ యాప్‌లో రాశారట. డ్రైవరు పక్కన చిన్న పిల్ల ఉంటోంది, డ్రైవరు ధ్యాస రోడ్డు మీద ఉండడం లేదు అని. నితీషే రాశాడని రాకేశ్ పళ్లు నూరుకున్నాడు. ఎవరు రాసినా అబద్ధమైతే రాయలేదు.

“నేను సముదాయించిన రాకేశ్. మల్లొక్కసారి గిట్లయితే బండిని రూట్ల కెళ్లి తీసేస్తరు. ఇంకోటి దొరికేదాక ఇంటి ముంగట పెట్టుకుని కూసోవాలె. నా చేతుల ఏం లేదు” అన్నాడు ప్రవీణ్.

ఆ మాటకు రాకేశ్‌కు ముచ్చెమటలు పోశాయి. ఇంకా పదమూడు రోజులుంది. మర్నాడు పక్క పోర్షన్‌లో ఉండే తేజస్వినిని బతిమాలి పిల్లను అప్పగించి వెళ్లాడు. బండి నిండుగా మనుషులున్నా ఆ రోజు ఎవరూ మాట్లాడక, లోపలంతా బోసిగా ఉంది. తొమ్మిదింటికి తేజస్విని దగ్గర నుంచి ఫోనొచ్చింది. “అన్నా, జల్ది వచ్చి మీ బిడ్డను తీస్కపోండ్రి. నేను మీ తాడు మీద బట్టలారేస్తనంట, నాకు సిగ్గులేదంట. మీ అమ్మ గట్లన్నదంట!” అని ఏడుస్తూ పెట్టేసింది. సత్తెమ్మ అలా అనే ఉంటుంది. రాకేశ్ క్షమాపణ చెప్పి, పిల్లను మళ్లీ బండెక్కించుకున్నాడు. ఇక ఆ వీధిలో అడగడానికి ఇల్లు మిగల్లేదు.

మర్నాడు పొద్దున సహస్రకు చున్నీ కడుతూ అతను ఆ మాట అన్నాడు.

“బిడ్డా, ఇటు సూడు. గేటు కాడ టోపీలు పెట్టుకుని ఉంటరు గదా, వాళ్లు పోలీసులు. నువ్వు మాట్లాడితివనుకో, డాడీని పట్టుకపోతరు.”

“తాత గూడ పోలీసా?”

“తాత గూడ.”

“ఏడికి తీస్కపోతరు?”

“జైలుకు. మల్ల డాడీ రాడు.”

“నేను?”

“నువ్వొక్కదానివే ఉంటవ్.”

పసిపిల్లతో అనదగ్గ మాట కాదని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు. అప్పటికి ఆరూ నలభై అయింది, బండి కదలాలి.

బాచుపల్లి దాకా పిల్ల పలకలేదు. వాసంతి వేళకే ఎక్కింది, ఈ వారమంతా వేళకే ఎక్కుతోంది. “ఏమ్మా సహస్రా, ఇవాళ నాకు కబుర్లేం లేవా?” అని పలకరించింది. జవాబు లేదు. ముందుకు వంగి నుదురు తాకి చూసి, “ఒళ్లు వెచ్చగా లేదే. నిద్ర చాల్లేదా అండి?” అని రాకేశ్‌ను అడిగింది. “అవును మేడం” అన్నాడు. నిజాంపేట, మియాపూర్, కొండాపూర్ దాటాయి. క్రేన్లు వచ్చాయి, వెళ్లాయి. నితీష్ కూడా ఒకసారి హెడ్‌ఫోన్ తీసి ముందు సీటు వైపు చూశాడు.

గేటు దగ్గర తువ్వాలు కదల్లేదు. వీరేశం లోపలికి వంగి, ఒక్క క్షణం ఆగి, “పోరిని తేలేదా?” అన్నట్టు కళ్లెగరేశాడు. రాకేశ్ కళ్లతోనే కిందికి చూపించాడు. ముసలాయన తృప్తిగా తలూపి గేటు తీయించాడు. రాకేశ్ తన తెలివికి తనే మురిసిపోయాడు. మిగిలిన రోజుల పరేషాన్ ఒక్క మాటతో తీరిందనుకున్నాడు. ఉద్యోగులను దింపి, బయటికొచ్చి, ఖాళీ జాగాలో బండి ఆపి, “అయిపోయింది బిడ్డా, ఇగ లే!” అని తువ్వాలు లాగాడు.

సహస్ర లేవలేదు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, రెండు పెదాలూ లోపలికి బిగించి అతన్ని చూస్తోంది. చెంపల మీద తడి. కింద రబ్బరు చాప మీద కూడా తడి. నిన్నటిదాకా ఉచ్చ వస్తే నలుగురు ఉద్యోగుల ముందూ చాటి చెప్పి నడిరోడ్డు మీద బండి ఆపించిన పిల్ల అది. ఈరోజు అడగాలంటే నోరు తెరవాలి. తెరవలేదు.

రాకేశ్ ఎత్తుకుని, బాటిల్ నీళ్లతో కడిగి, బట్టలు మార్చాడు. “ఉత్తగనే అన్న బిడ్డా. పోలీసులు లేరు, ఏం లేరు. డాడీ ఈడనే ఉన్నడు గదా” అన్నాడు. పిల్ల అతని భుజం మీదుగా రోడ్డు వైపు చూసింది. ఆ రోడ్డు పొడవునా అద్దాల మేడలే, మేడ మేడకూ గేటే, గేటు గేటుకూ టోపీలే. సిగ్నల్ దగ్గర తెల్ల చొక్కా కానిస్టేబులు కూడా నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల ఎవర్ని నమ్మాలి, తండ్రి మాటనా, తన కళ్లనా? గబుక్కున అతని మెడలో ముఖం దాచుకుంది.

టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ పెట్టించాడు, తినలేదు. క్రేన్ చూపించి, “అది ఏం తింటది బిడ్డా?” అని తనే అడిగాడు. నిన్నటిదాకా ఆ ప్రశ్న వింటే చిరాకుపడ్డవాడు, ఇవాళ దాన్ని పట్టుకుని వేలాడాడు. పాట పాడాడు. తోటి డ్రైవర్లు చూస్తున్నా కుక్కలా మొరిగాడు. పిల్ల వేలు పెట్టి చూపించడం, తలూపడం తప్ప ఇంకేమీ చేయలేదు. చివరికి ప్రశాంతికి ఫోన్ చేశాడు.

“ఏమన్నవ్ పిల్లను?” అందామె ఒకటే మాట.

రాకేశ్ ఫోను పిల్ల చెవి దగ్గర పెట్టాడు. అవతల తల్లి “బంగారూ, అన్నం తిన్నవా? మమ్మీతోని మాట్లాడవా?” అంటోంటే సహస్ర ఫోనులోకి తలూపింది. మళ్లీ ఊపింది. తలూపితే అవతలికి వినిపించదని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి? ప్రశాంతి, “హలో, హలో” అంటూనే ఉంది.

రాకేశ్ స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. ముప్పైయొక్కేళ్ల మనిషి, వానలో, వరదలో, ఇంజను ఆగిపోయిన ఫ్లైఓవర్ మీద ఏడవనివాడు ఏడ్చాడు. ఆ నోరు మూతపడాలని తనే కదా ఇన్నాళ్లూ కోరుకున్నాడు!

అయిదింటికి సాయంత్రం ట్రిప్పు. రాకపోతే రూటు పోతుంది. పిల్లతో వచ్చి దొరికినా పోతుంది. ఆమెను మళ్లీ ఆ తువ్వాలు కిందికి దించడానికి అతనికి చేతులాడలేదు. సీట్లోనే ఉంచి, చున్నీ కట్టి, ఏమయితే అదవుతుందని బండి కదిలించాడు.

అదే రోజు ప్రవీణ్ గేటు దగ్గర తనిఖీకి వచ్చాడు. చేతిలో బండ్ల లిస్టు, పక్కన వీరేశం. దాటిపోవడానికి దారి లేదు. ప్రవీణ్ అద్దంలోంచి ముందు సీట్లో కూర్చున్న పిల్లను చూశాడు, వాచీ చూసుకున్నాడు, పెద్దగా నిట్టూర్చాడు.

“ఏంది రాకేశ్ గిది? మొన్ననే చెప్పిన గదా. బండి పక్కకు వెట్టు.”

రాకేశ్ బండి పక్కకు తీసి, పిల్లను చంకనెత్తుకుని దిగాడు. ప్రవీణ్ అప్పటికే ఫోన్లో ఇంకో డ్రైవరుకు బాచుపల్లి రూటు చెబుతున్నాడు. నాలుగేళ్ల రూటు పోవడానికి నాలుగు నిమిషాలు పట్టలేదు. వీరేశం వాళ్లిద్దరికీ రెండడుగుల దూరంలో తలవంచుకుని నిలబడ్డాడు.

“అన్నా, జర నా మాట ఇను” అన్నాడు రాకేశ్. “మా అమ్మకు కన్ను ఆపరేషనైంది. ఇంకొక్క పది రోజులు. పిల్ల ఇయ్యాల పొద్దుగాల కెళ్లి…”

చిన్న అరచేయి వచ్చి అతని నోటి మీద పడింది.

సహస్ర టోపీ పెట్టుకున్న తాత వైపు ఒకసారి, ఫోను పట్టుకున్న మనిషి వైపు ఒకసారి భయంగా చూసింది. తర్వాత తండ్రి చెవిలో నోరు పెట్టి, ఎవరికీ వినపడకుండా గుసగుసగా అంది.

“మాట్లాడకు డాడీ. తీస్కపోతరు.”

పొద్దున్నుంచీ ఆమె అన్న మొదటి మాట అది. వీరేశం గబుక్కున టోపీ తీసి వీపు వెనక పెట్టుకున్నాడు. పిల్ల అది చూడలేదు, కళ్లు గట్టిగా మూసుకుంది.

ప్రవీణ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. అతనూ ఇద్దరు పిల్లల తండ్రి. “చెప్పు రాకేశ్, ఏమన్న చెప్పేదుంటే జల్ది చెప్పు. పైన మాట్లాడి చూస్త” అన్నాడు.

ఆ అరచేయి ఇంకా గట్టిగా అదిమింది. తీసేయాలంటే ఒక్క క్షణం పని. రాకేశ్ దాన్ని తీయలేదు. ప్రవీణ్ కాసేపు చూసి, లిస్టులో బండి నంబరు కొట్టేసి, వెనకాల ఆగి ఉన్న తరవాతి బండి వైపు నడిచాడు.